కుంకుమ కింద అంకెలు

సత్యకుమారి నాలుగడుగుల ఎనిమిదంగుళాల మనిషి. ఈ సంగతి ఆమె ఎప్పుడూ దాచుకోలేదు. దాచుకుందామన్నా దాగేది కాదు. పెళ్లిలో తలంబ్రాలు పొయ్యడానికి చేతులు అందక అవస్థ పడుతుంటే, మణికుమార్ జాలిపడి తల వంచాడట. "ఆ రోజు వంచిన తల ఇంకా ఎత్తలేదు" అని అతను ఇప్పటికీ నలుగురిలో అంటూ ఉంటాడు.

అత్తవారింట్లో ఆ పొట్టితనం వల్ల వచ్చిన ఇబ్బందేమీ లేదు. అక్కడ కట్టెల పొయ్యి. గొంతుక్కూర్చుని వండుకునే చోట పొడుగూ పొట్టీ ఒకటే. చిక్కంతా బహ్రెయిన్ వచ్చాక మొదలైంది. మనామాలో బజారు వెనక సందులో, రెండో అంతస్తులో, రెండు గదుల ఇల్లు. వంటింట్లో నిలబడి వండుకునే సిమెంటు గట్టు. ఆ గట్టు ఎవరి కొలతకి కట్టారో గాని, దాని ముందు నిలబడితే పొయ్యి మీది గిన్నెలో ఏముందో వాసనని బట్టి తెలుసుకోవాలి తప్ప కంటికి కనబడేది కాదు. మొదటి నెలలోనే రెండుసార్లు మోచెయ్యి కాల్చుకుంది.

అప్పుడు ఆమె అన్నయ్య పేరయ్య ఒక ఖర్జూరం పెట్టె పట్టుకొచ్చాడు. అతని ఆఫీసులో పనిచేసే ముసలాయనకి కర్జకాన్‌ అనే పల్లెలో ఖర్జూరపు తోట ఉంది. పళ్లు మోసే చెక్కపెట్టె అది. బోర్లించి గట్టు ముందు పెట్టి, "ఎక్కవే పొట్టీ" అన్నాడు. ఎక్కింది. గిన్నెలో పప్పు కనబడింది. అంతే, ఆ రోజునుంచి పదకొండేళ్లు ఆ పెట్టె మీదే వంట. పొయ్యి దగ్గరికి వస్తే ఎక్కడం, నీళ్ల కోసం వెళ్తే దిగడం. రోజుకి ఎన్నిసార్లో ఎవరూ లెక్కపెట్టలేదు గాని, రాత్రయ్యేసరికి మోకాళ్లు చెప్పేవి.

పేరయ్య ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇళ్ల ప్లాన్లు గీసేవాడు. అందరికంటే ముందు బహ్రెయిన్ వచ్చినవాడు అతనే. బావగారికి అదే కంపెనీలో స్టోర్‌కీపరు ఉద్యోగం చూసి, చెల్లెలికి వీసా తెప్పించి, వాళ్లింట్లోనే ముందు గదిలో మంచం వేసుకున్నాడు. పెళ్లి మాట ఎత్తితే, "నాకు గీతలతోనే పొద్దు చాలట్లేదు" అనేవాడు. సత్యకుమారి ఒక్కగానొక్క కూతురు వీరదుర్గని పెంచింది సగం అతనే. ఆ పిల్లకి పెళ్లయి కాకినాడలో కాపురానికి వెళ్లినప్పుడు తల్లి కంటే మేనమామే ఎక్కువ ఏడ్చాడు.

ఆఫీసులో కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు పాతదొకటి అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. దాన్ని ముందు గదిలో బల్ల మీద పెట్టి, శుక్రవారం శుక్రవారం దాని ముందు కూర్చునేవాడు. రాజోలు పక్క ఊళ్లో సత్యకుమారీ వాళ్లూ స్థలం కొన్నాక అక్కడ కట్టబోయే ఇంటి ప్లానంతా దాంట్లోనే గీశాడు. పునాదుల కాయితం, గోడల కాయితం ఒకటొకటిగా ఆఫీసు నుంచి అచ్చు తీయించి ఊరికి పంపాడు. వంటిల్లు మాత్రం ఆఖరికి ఉంచాడు.

"ఇప్పటిదాకా ఎవరెవరికో కట్టిన గట్ల ముందు నిలబడ్డావు. ఈసారి గట్టే నీ ముందుకి రావాలి" అన్నాడు.

ఒక శుక్రవారం ఆమెని గోడకి ఆనించి నిలబెట్టి టేపు పట్టాడు. వట్టి ఎత్తు కొలిస్తే చాలదట. "ఇప్పుడు చపాతీ పిండి కలుపు" అన్నాడు.

"పిండేదన్నయ్యా?"

"గాలిలోనే కలపవే. ఆఁ, అలాగ. ఇప్పుడు అట్టు తిరగెయ్. ఆవకాయ జాడీ దించు. మెల్లిగా, పగిలిపోద్ది."

ఆమె గాలిలో పిండి కలిపి, గాలిలో అట్టు వేసి, లేని జాడీని దించి నేల మీద పెట్టి, నవ్వాపుకోలేక అక్కడే కూలబడింది. పేరయ్య నవ్వకుండా అన్నీ కొలిచి కాయితం మీద రాసుకున్నాడు. తర్వాత వారం ఆమె కిటికీ మార్చమంది. ఆ తర్వాత వారం రుబ్బురోలు నేలలో పాతించాలంది. ఇంకో వారం ఉప్పు పప్పుల అర ఎడమ చేతి వైపుకి కావాలంది. అతను విసుక్కోకుండా ప్రతి శుక్రవారం చెరిపి మళ్లీ గీసేవాడు. ఇక దీంతో అయిపోయింది, శనివారం అచ్చు తీయిస్తానన్నాడు.

ఆ శనివారం డ్యూటీకి వెళ్లి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. తొంభై ఆరు సెప్టెంబరు అది. అతన్ని ఊరికి తీసుకెళ్లడానికి ఒక్కరికే టిక్కెట్టు దొరికింది. మణికుమార్ వెళ్లి చెయ్యాల్సినవన్నీ చేయించి వచ్చాడు. సత్యకుమారి మనామాలోనే ఉండిపోయింది. అన్నయ్య మంచం మడతపెట్టింది, బట్టలు పంచిపెట్టింది. కంప్యూటరు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తన పాత నేతచీర ఒకటి దాని మీద కప్పింది. రోజూ పొద్దున్నే ఆ చీర మీద పడ్డ ఇసకదుమ్ము దులిపి, మళ్లీ అలాగే కప్పేది. ఎనిమిది నెలలు దాని స్విచ్చి వెయ్యలేదు.

మే నెలలో ఊరినుంచి వచ్చిన మనిషి ఒక క్యాసెట్టు తెచ్చిచ్చాడు. మేస్త్రి బుల్లబ్బాయి మాట్లాడి పంపింది. టేప్‌రికార్డర్లో పెడితే ముందు కోడి కూసింది, తర్వాత ఎవరో దగ్గారు, ఆ తర్వాత గొంతు వచ్చింది.

"ఆయ్, అమ్మగారండీ, నేనండి, బుల్లబ్బాయి మేత్రినండి. గోడలు కిటికీల మట్టానికి లేచాయండి. వంటింటి కాడ ఆగిపోయామండి. పేరయ్యగారు కాయితం పంపుతానన్నారండి. పాపం, మారాజు ఎల్లిపోయారండి. ఆ కాయితం ఉంటే పంపండి. వచ్చే నెలాఖరు దాకా చూత్తానండి. వత్తే కాయితం పెకారం కడతాను, లేపోతే ఊళ్లో అందరికీ కట్టినట్టే కట్టేత్తానండి. గట్టు మామూలే, రెండడుగుల తొమ్మిదంగుళాలండి. మా కుర్రాళ్లకి అదే చెయ్యి తిరిగిందండి. మరేటీ అనుకోకండి."

క్యాసెట్టు ఆపి మణికుమార్ తేలిగ్గా అన్నాడు. "దీనికేం కంగారు? మళ్లీ కొలిచి ఓ చీటీ రాసి పడేద్దాం."

"ఏం కొలుస్తారు మీరు?"

"నిన్ను."

"నన్ను కొలిస్తే వంటిల్లు వచ్చేస్తుందా? జాడీల అర ఎంతెత్తులో పెట్టాడో తెలుసా మీకు? కిటికీ అంచు? రోలుకీ పొయ్యికీ మధ్య ఎన్ని అడుగులు వదిలాడో? అన్నీ లెక్క కట్టి ఒకదాని పక్కన ఒకటి కూర్చోబెట్టాడు మా అన్నయ్య. అయినా మీ చీటీ చూసి బుల్లబ్బాయి గట్టు దించుతాడా? కాయితం కావాలన్నాడు. కాయితమంటే మా అన్నయ్య గీసిందే."

అంత పొడుగు మాట ఆమె నోట విని చాలా నెలలైంది. మణికుమార్ లేచి ముందు గదిలోకి వెళ్లి చీర తీశాడు.

స్విచ్చి వేస్తే కంప్యూటరు గుయ్యిమంది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు రెండు వరసలు వచ్చి ఆగిపోయాయి. మణికుమార్ కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"హార్డ్ డిస్కు కనపడటం లేదంటోంది."

"అంటే?"

"గీసినవన్నీ దాచిపెట్టే పెట్టె అదే. అది దీనికి కనపడటం లేదట."

మర్నాడు కంప్యూటరు డబ్బా మోసుకుని బజారులో ఒక షాపుకి తీసుకెళ్లాడు. ఆ షాపువాడు మూత కూడా విప్పకుండా ఒకసారి స్విచ్చి వేసి చూసి, డిస్కు ఖలాస్, పారేసి కొత్తది కొనుక్కో భాయ్ అన్నాడట. ఇంటికి తిరిగొచ్చి ఆ మాటే చెప్పాడు. సత్యకుమారి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఖలాస్ అనే మాట ఆమె పదకొండేళ్లుగా వింటూనే ఉంది. బజారులో కూరలు అయిపోతే ఖలాస్, బస్సు వెళ్లిపోతే ఖలాస్. అన్నయ్య సంగతి ఫోనులో చెప్పినవాడూ మొదట అదే మాటన్నాడు.

"మూత విప్పకుండా ఎలా తెలిసిందండీ అతనికి?" అంది.

మణికుమార్ డబ్బాని మళ్లీ బల్ల మీద పెట్టాడు. "యాదగిరిని పిలుస్తానుండు" అన్నాడు.

యాదగిరిది కరీంనగర్ వైపు. ఒక పెద్ద ఆఫీసులో కంప్యూటర్లు చెడిపోతే చూసే పని. పేరయ్యకి స్నేహితుడు. శుక్రవారాలు చేపల పులుసు తినడానికి వచ్చేవాడు. పేరయ్య పోయాక, ఈ ఇంటికి రావాలంటే కాళ్లాడటం లేదని మొహం చాటేశాడు. కబురందగానే శుక్రవారం పొద్దున్నే సంచీ తగిలించుకుని వచ్చాడు. గుమ్మంలో తలొంచుకుని నిలబడ్డాడు.

"తప్పయిందక్కా. రావాల్సింది."

"ఇప్పుడొచ్చావు కదా తమ్ముడూ. చెప్పులు అక్కడ విప్పుకో. ముందు టీ తాగు."

టీ తాగి పనిలోకి దిగాడు. నేల మీద పాత దుప్పటి పరిపించుకుని, డబ్బా దాని మీదికి దించి, మరలు ఒక్కొక్కటే తీసి సత్యకుమారి ఇచ్చిన గిన్నెలో వేశాడు. మూత పైకెత్తి లోపలికి చూసి వెనక్కి జరిగాడు.

"వారి! ఏందక్కా ఇది? గిది కంప్యూటరా, బోనాల కుండనా?"

లోపల హార్డ్ డిస్కు ఇటుకముక్కంత ఇనప పెట్టె. దాని మీది నున్నటి మొహం నిండా పసుపు. పసుపు మీద వరసలు వరసలుగా కుంకుమ బొట్లు. నూనె ఊరి, ఎండి, ఏళ్లు గడిచి నల్లబడ్డ బొట్లు.

సత్యకుమారి సిగ్గుపడింది. "దసరాకి పెట్టాం తమ్ముడూ. స్కేళ్లకీ పెన్నులకీ గీసే బల్లకీ పెడుతున్నాం, ఇదేం పాపం చేసిందని అన్నయ్యే మూత తీసిచ్చేవాడు. ఎక్కడ పెట్టమంటావన్నయ్యా అంటే, ఇదిగో ఇదే దీని బుర్ర, దీని నుదుట పెట్టు అన్నాడు."

"పెట్టుమంటే గింతనా? గడప లెక్క అలికినవ్ కదక్కా! గుమ్మడికాయ గిట్ల కొట్టలే గదా లోపట?"

"నేను అప్పుడే చెప్పాను" అన్నాడు మణికుమార్. "కరెంటు సామానుకి పసుపేంటని. అన్నాచెల్లెళ్లు నా మాట వింటేనా?"

ఆ మాట సరదాకే అన్నాడు. కాని సత్యకుమారి మొహం మాడిపోయింది. గోడకి జారబడి కూర్చుంది. "అయితే నా చేత్తో నేనే పాడుచేశానా? పసుపు లోపలికి దిగి చచ్చిపోయిందా అది?"

యాదగిరి నవ్వు ఆపేశాడు. "ఆగక్కా, చూడనియ్యి." డిస్కుకి తగిలించిన పట్టీలాంటి వైరు ఊడదీసి, కొసలు తుడిచి మళ్లీ పెట్టాడు. సంచీలోంచి వేరే వైరు తీసి అదీ వేసి చూశాడు. తెర మీద అదే మాట, డిస్కు లేదని. తర్వాత ఒక స్క్రూడ్రైవరు తీసి, దాని కొన డిస్కు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"తిరుగుతున్నది" అన్నాడు. "మంచిగ తిరుగుతున్నది. అక్కా, నువ్వు గూడ విను."

ఆమె భయపడుతూనే చెవి ఆనించింది. దూరంగా ఎక్కడో పిండిమర ఆడుతున్నట్టు సన్నటి మోత, ఆగకుండా, ఒకే తీరుగా.

"ఇది బతికే ఉందా?"

"సల్లగ ఉంది. షాపోడు ఉత్తగ అన్నడు."

"మరి కనపడట్లేదంటుందేంటి?"

యాదగిరి లోపల మూలనున్న వేలెడంత బ్యాటరీ చూపించాడు. "గిదక్కా అసలు దొంగ. డిస్కు కొలతలు ఈ డబ్బ యాది పెట్టుకోవాలె. కరెంటు ఉన్నప్పుడు ఈ బ్యాటరీ నిండుతది, లేనప్పుడు దీని మీదనే యాది పెట్టుకుంటది. ఎనిమిది నెలలు మీరు ముసుగేసి పెట్టిండ్రు. ఎండిపోయింది. కొలతలు మరిచిపోయింది. గిప్పుడొచ్చే కొత్త డబ్బలైతే వాటంతటవే చూసుకుంటయి. గిది పాతది, మనమే చెప్పాలె."

సత్యకుమారికి చీర గుర్తొచ్చింది. దుమ్ము పడకూడదని, ఎవరి చెయ్యీ తగలకూడదని కప్పింది. అదేమో ఆ ముసుగు కింద ఒక్కొక్కటే మర్చిపోతూ కూర్చుంది.

"అయితే దీనికీ కొలతలు కావాలన్నమాట" అంది. "ఎవరి కొలతలో పెడితే కుదరదన్నమాట."

"అంతేనక్కా. మూడు లెక్కలు. అవి పెడితే సాలు, తలుపు తెరుస్తది. డిస్కు మీద కాయితంల అచ్చేసే ఉంటయి." అని డిస్కు వైపు తిరిగి, తల గోక్కున్నాడు. "గా కాయితమే గదా నువ్వు అలికింది."

నిజమే. ఇనప పెట్టె మొహం మీద అతికించిన కాయితం మీదే మూడు దసరాల పసుపూ కుంకుమా పడింది. పసుపు ఉన్నచోట అక్షరాలు లీలగా కనిపిస్తున్నాయి. కుంకుమ ఉన్నచోట ఏమీ లేదు, నల్లటి ఎరుపు తప్ప. మణికుమార్ కళ్లజోడు తీసి, పెట్టి, దీపం దగ్గరగా పట్టి చూశాడు. ఒక తొమ్మిది కనిపించింది. దాని తర్వాత బొట్టు.

యాదగిరి గోరుతో బొట్టు గీకబోయాడు. సత్యకుమారి టక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగు. గీకితే కాయితం పొరలా ఊడొస్తుంది. అంకెలు కూడా దాంతోనే పోతాయి."

"పెట్రోలు పెట్టి తుడుద్దమా?"

"పెట్రోలూ వద్దు, ఏమీ వద్దు. ముందు ఆ కరెంటు తీసెయ్. దాన్ని బయటికి తీసి నా చేతికియ్యి."

ఆ గొంతులో ఏముందో గాని, యాదగిరి వెంటనే డిస్కు విప్పి ఆమె చేతిలో పెట్టాడు. సత్యకుమారి దాన్ని పసిపిల్లలా రెండు చేతుల్లో పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. ఖర్జూరం పెట్టె ఎక్కి, గట్టు మీద గుడ్డ పరిచి, దాని మీద పెట్టింది. మగాళ్లిద్దరూ వెనకాల వచ్చి నిలబడ్డారు.

దేవుడి పటాలు ఏటేటా శుభ్రం చేసేది ఆమే. అన్నీ కాయితం పటాలే. అద్దాలు లేనివి కూడా ఉన్నాయి. ఏడాది పొడుగునా పెట్టిన బొట్లు మొహాలని మింగేస్తుంటే, అమ్మవారి కళ్లు చెరక్కుండా కుంకుమ తియ్యడం ఆమెకి చిన్నప్పటి నుంచి అలవాటు. నిమ్మకాయ కోసి, రసం చిన్న గిన్నెలోకి పిండింది. పత్తితో వత్తి చేసి, రసంలో ముంచి, బాగా పిండేసి, తడి తెలిసీ తెలియనట్టుగా ఒక బొట్టు మీద అద్దింది. రుద్దలేదు, అద్దింది. ఊరుకుంది. మళ్లీ అద్దింది.

నల్లటి ఎరుపు కాస్తా ఇటుక రంగైంది. ఇటుక రంగు నారింజైంది. చూస్తుండగానే నారింజ పసుపైపోయింది. ఆ పసుపులోంచి నల్లటి అచ్చు పైకి తేలింది. మూడు.

"అరె!" అన్నాడు యాదగిరి. "ఏం మంత్రమక్కా ఇది?"

"మంత్రం లేదు, మాయ లేదు. కుంకుమంటే ఏంటనుకున్నావు? పసుపూ సున్నమే కదా. సున్నం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పుట్టింటికొచ్చేస్తుంది. చదువుకున్నోళ్లు, ఈ మాత్రం తెలీదా?"

"మా ఆఫీసుల గిది చెప్పలే అక్కా."

మణికుమార్ పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. మొదటి లెక్క తొమ్మిది వందల ముప్పై నాలుగు. రెండోది ఎనిమిది. మూడో దాంట్లో ముందు నాలుగు తేలింది. దాని పక్క బొట్టు మాత్రం కదల్లేదు. సత్యకుమారి మూడుసార్లు అద్దింది, నాలుగుసార్లు అద్దింది. ఎరుపు ఎర్రగానే ఉంది.

"గొడవేంది?"

ఆమె దగ్గరగా వంగి చూసింది. వేలికి అంటించుకుని వాసన చూసింది. "ఇది ఆఖరి దసరాది. ఇంటినుంచి తెచ్చుకున్న కుంకుమ ఆ ఏడు అయిపోయింది. ఇక్కడ బజారులో పొట్లం కొన్నాను. ఇది పసుపు కాదు, ఏదో రంగుపొడి. దీనికి నిమ్మకాయ చెల్లదు."

యాదగిరికి ఓపిక నిలవలేదు. "ఒక్క అంకెనే గదా, సున్న నుంచి తొమ్మిది దాక కొట్టి చూస్త" అని డిస్కు అడిగాడు.

"తప్పు అంకె కొడితే లోపలున్నవి పోవు కదా?"

"ఉత్తగ చూస్తే పోవు. మనమేం రాయకుంటే సాలు."

"గ్యారంటీగా చెప్తున్నావా?"

యాదగిరి ఒక క్షణం ఆలోచించాడు. "నూటికి తొంభై తొమ్మిది" అన్నాడు.

"ఆ ఒక్కటీ నాకొద్దు. కూర్చో తమ్ముడూ. పులుసు పొయ్యి మీద పెడతాను."

కొబ్బరినూనె సీసా తీసి, ఒకే ఒక్క చుక్క ఆ బొట్టు మీద వేసింది. కోనసీమలో పుట్టిన మనిషికి కొబ్బరినూనెతో వదలని మరక ఉంటుందంటే నమ్మకం కుదరదు. నూనె నానుతుండగా బియ్యం కడిగింది, చింతపండు పిసికింది, చేపముక్కలకి ఉప్పూ కారం పట్టించింది. మధ్యమధ్య పెట్టె ఎక్కి చూసి దిగింది. ఇద్దరు మగాళ్లూ గుమ్మంలో కూర్చుని, పరీక్ష రాసిన పిల్లల్లా ఆమె మొహంకేసి చూస్తున్నారు. అన్నం వార్చాక చేతులు కడుక్కుని, తుడుచుకుని, పొడి పత్తి తీసుకుంది. అంచునుంచి మధ్యకి, ఒక్కసారే, గట్టిగా కాకుండా తీసింది. పత్తి ఎర్రబడింది. ఇంకో పత్తి. అదీ ఎర్రబడింది. మూడో పత్తికి కాయితం బయటపడింది.

"ఆరు" అంది సత్యకుమారి. "పైన కొమ్ముంది. ఆరే."

యాదగిరి డిస్కు బిగించి, తెర ముందు కూర్చుని, మూడు లెక్కలూ ఒకటొకటిగా కొట్టాడు. తొమ్మిది వందల ముప్పై నాలుగు. ఎనిమిది. నలభై ఆరు. స్విచ్చి ఆపకుండానే దాన్ని మళ్లీ మొదట్నుంచి నడిపించాడు.

గుయ్యిమంది. రెండు వరసల అక్షరాలు వచ్చాయి. ఎప్పుడూ ఆగే చోట ఆగింది. సత్యకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు లోపల డిస్కు పకోడీ కొరికినట్టు కరకరమంది. తెర మీద వరస మీద వరస, గబగబా కిందికి దిగాయి అక్షరాలు.

"దొరికింది!" అని మణికుమార్ యాదగిరి వీపు మీద ఒక్కటి చరిచాడు. యాదగిరి కుర్చీలోంచి ముందుకి పడబోయాడు.

పేరయ్య గీసినవన్నీ పేర్ల వరసలో ఉన్నాయి. పునాదులు, గోడలు, మెట్లు. వాటి కింద ఇంకో ఏడు పేర్లు చూసి మణికుమార్ పెద్దగా నవ్వాడు. "ఇదిగో, చూడు మీ అన్నయ్య పని! పొట్టి ఒకటి, పొట్టి రెండు, పొట్టి మూడు... పొట్టి ఏడు దాకా ఉన్నాయి!"

"శుక్రవారం శుక్రవారం మార్చమన్నాను కదా" అంది ఆమె చిన్నగా. "ఏడోది తియ్యి. అదే ఆఖరిది."

నల్లటి తెర మీద తెల్లటి గీతలతో వంటిల్లు విచ్చుకుంది. కిటికీ తూర్పుకి ఉంది. ఎడమ చేతి వైపు ఉప్పు పప్పుల అర. నేలలో చిన్న గుండ్రం, రోలు. దానికీ పొయ్యికీ మధ్య రెండున్నర అడుగులు. ఆమెకి ఇంగ్లీషు రాదు గాని అంకెలు తెలుసు. గట్టు పక్కన నిలువు గీత, దాని పక్కన రెండడుగుల ఐదంగుళాలు. వేలు పెట్టి ఆ గీత మీద మెల్లిగా పైనుంచి కిందికి రాసింది. తన మోచెయ్యి తనే పట్టుకుని చూసుకుంది.

"ఇక్కడేదో రాశాడు" అన్నాడు మణికుమార్. గట్టు కింద సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. యాదగిరి దాన్ని పెద్దది చేశాడు. మణికుమార్ కూడబలుక్కుంటూ చదివాడు.

"మేస్త్రి ఎంత గోల పెట్టినా ఈ ఎత్తు పెంచరాదు. బావగారు చెప్పినా పెంచరాదు."

యాదగిరి పొట్ట పట్టుకుని నవ్వాడు. మణికుమార్, "నన్నెందుకు కలిపాడు మధ్యలో?" అని ఉడుక్కున్నాడు. సత్యకుమారి కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. ఆ మాట రాస్తున్నప్పుడు అన్నయ్య మొహం ఎలా ఉండి ఉంటుందో ఆమెకి తెలుసు. గాలిలో జాడీ దింపించినప్పటిలా, నవ్వకుండా.

"పులుసు మాడిపోతోంది!" అని ఉన్నట్టుండి వంటింట్లోకి పరుగెత్తింది. మాడలేదు. అడుగంటబోతుండగా దించింది. యాదగిరి ఆ రోజు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. తినేసి, కొత్త బ్యాటరీ తెచ్చి అతుకుతానని, అందాకా రోజుకో గంట స్విచ్చి వేసి ఉంచమని చెప్పాడు. పొట్టి ఏడుని ఒక ఫ్లాపీలోకి ఎక్కించి ఇచ్చాడు. శనివారం పేరయ్య ఆఫీసులో అతని పక్క కుర్చీవాడే దాన్ని పెద్ద కాయితం మీద అచ్చు తీసి, చుట్ట చుట్టి, దారం కట్టి మణికుమార్ చేతిలో పెట్టాడు. ఆ గురువారం ఊరెళ్లే మనిషి సంచీలో అది కూడా వెళ్లింది.

ఆగస్టులో బుల్లబ్బాయి నుంచి మళ్లీ క్యాసెట్టు వచ్చింది. ఈసారి కోడి కూయలేదు, వాన పడుతోంది.

"అమ్మగారండీ, కాయితం అందిందండి. గట్టు అయిపోయిందండి. ఆయ్, పిల్లల బొమ్మరిల్లులా ఉందని మా కుర్రాళ్లు నవ్వేరండి. నేనూ ఓ మూడంగుళాలు లేపుదారనుకున్నానండి. కాయితం మీద ఆ మాట చదివించుకున్నాక చెయ్యి రాలేదండి. పోయినోరి మాట. మీకో ఇసయం చెప్పాలండి. మా ఇంటిది గచ్చు చూడ్డానికి వచ్చిందండి. అదీ మీలాగే పొట్టిదండి. ఆ గట్టు కాడ నుంచుని ఓ గంట కదల్లేదండి. ఇంటికొచ్చిన కాణ్ణించి మనింట్లో గట్టు కొట్టేసి ఇలాంటిది కట్టమని నా పేణం తీత్తందండి. మీ అన్నగారు నా కొంప ముంచేరండి."

సత్యకుమారి ఆ క్యాసెట్టు ఆ వారమంతా వంట చేస్తూ వింది. పెట్టె మీద నిలబడే వింది. ఇంకా రెండేళ్లు ఈ పెట్టె ఎక్కక తప్పదు, మణికుమార్ కాంట్రాక్టు అయ్యేదాకా. కాని ఎక్కుతున్నప్పుడు మోకాళ్లు మునుపటంత మాట్లాడటం లేదు. ఎక్కడో తనకి సరిపోయే గట్టు ఒకటి నిలబడి ఎదురుచూస్తోందని వాటికీ తెలిసినట్టుంది.

దసరాకి యాదగిరి పిలవకుండానే వచ్చాడు. మూత తనే విప్పాడు. మూడు లెక్కలూ మూత లోపలి వైపు చెరగని సిరాతో పెద్దగా రాసి పెట్టాడు. అయినా సత్యకుమారి పళ్లెంతో రాగానే అనుమానంగా చూశాడు.

"అక్కా, జర చిన్నగ పెట్టు. కాయితం మీద వద్దు, పక్కకు."

"పక్కకే పెడతాను. ఒక్కటే పెడతాను" అంది. పసుపు వేలితో ఇనుము అంచున ఒక చుక్క, దాని మీద కుంకుమ.

"ఏ కుంకుమక్కా ఇది? బజారుదా?"

"కాదు" అంది సత్యకుమారి. "వీరదుర్గ కాకినాడ నుంచి పంపింది. ఇంట్లో చేసిందే. నిమ్మకాయకి లొంగుతుంది."